కరకట్టలును నదీతీర పట్టణములును

ఆషాఢ శ్రావణ మాసములందు భద్రాచలములో ఇద్దరు ఎదురుపడినచో కుశలప్రశ్నకన్న ముందు వచ్చు ప్రశ్న "ఎన్ని అడుగులు?" అనునది. అడుగులనగా గోదావరి నీటిమట్టము. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ మూడు సంఖ్యలును ఆ యూరి పసిపిల్లలకు సైతము ఎక్కములవలె కంఠస్థములు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును ఎగసెను. మొదటి ప్రళయము నేర్పిన పాఠమువలన పట్టణమునకు కరకట్ట ఏర్పడినది. రెండవ ప్రళయమునాడు ఆ కట్టయే లేకున్నచో ఊరి గతి ఏమై యుండునో ఊహించుటకే భయము కలుగును. అయినను ఆ రోజులలో కట్టచాటున నున్న కాలనీలలోనికి సైతము నీరు వచ్చినది, వేలమంది ఇండ్లు విడిచి పునరావాస కేంద్రములకు పోయిరి. కట్ట నిలిచినది, ఊరు తడిసినది. ఈ రెండు వాక్యములు ఒకదాని ప్రక్కన ఒకటి ఎట్లు నిలువగలవో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మనవారు కట్టను పలుపేర్లతో పిలుతురు. కృష్ణాతీరమున కరకట్ట యన్నను, గోదావరి డెల్టాలో ఏటిగట్టు అన్నను వస్తువు ఒకటే: నదికి సమాంతరముగా, పొలమునకును ప్రవాహమునకును నడుమ, మన్నుతో పోసిన దీర్ఘమైన మిట్ట. చూచువారికి అది జడమైన మట్టికుప్ప. దానిని కనిపెట్టుకొని యుండు లస్కర్లకు మాత్రము అది ఊపిరి గల ప్రాణివంటిది. ఏలయన వరదకాలమున కట్ట లోలోపల అనుక్షణము మార్పు చెందుచుండును. నీరు కట్టమీదుగా పొర్లి, ఊరివైపు వాలును కోసికొనిపోయి గండి పడుట అందరికిని తెలిసిన విధము. అంతకన్న మోసకరమైనది ఊట. నదివైపు నీటి ఒత్తిడి హెచ్చిన కొలది, ఆ నీరు మట్టిరేణువుల సందులలో మెల్లగా నడచి ఊరివైపు పాదమున బయటపడును. ఆ యూట తేటగా నున్నంతవరకు గుండె చేత పట్టుకొనవలసిన పనిలేదు. రంగు తిరిగి బురదయైనదా, లోపలి మన్ను తరలిపోవుచున్నదనియు, బుంగ ఏర్పడుచున్నదనియు గ్రహించి వెంటనే ఇసుక బస్తాలతో ఊట చుట్టును గుండ్రముగా వరస కట్టి, దానిపై నీటిని కొంత నిలువనిచ్చి ఎదురొత్తిడి కల్పింపవలెను. తెలియనివారు ఊటనోటినే మూయబోవుదురు; అప్పుడది మరియొకచోట నోరు తెరచును. పందికొక్కుల బొరియలు, ఎండి చచ్చిన చెట్లవేళ్లు విడిచిపోయిన సొరంగములు, కట్టలో నుండి పోవు తూముల కాంక్రీటునకును మన్నునకును నడుమ నుండు సన్నని సందులు, ఇవన్నియు బుంగకు పుట్టినిండ్లు.

వరద వచ్చునప్పుడే కాక, తీయునప్పుడును కట్టకు గండము కలదు. రోజులకొలది నానిన మట్టి బరువెక్కి యుండును. నది దిగ్గున తగ్గిపోయినచో అంతవరకు నీరు ఆనుకొని యిచ్చిన ఊతము పోయి, నదివైపు వాలు పెచ్చులు పెచ్చులుగా జారును. హెచ్చరిక ఉపసంహరించిన నాడు అధికారులు ఇండ్లకు పోవుట సహజము. ఆనాడే కట్టవెంట ఒకసారి కాలినడకను తిరిగివచ్చిన ఇంజనీరును నేను ఎక్కువ గౌరవింతును.

కట్టలవలననే నదిని వశపరచుకొనవచ్చునను విశ్వాసము ఒకప్పుడు అమెరికాలో శాస్త్రమువలె చెలామణి యైనది. మిసిసిపి నదీతీరమున 1850 ప్రాంతములందు చార్లెస్ ఎలెట్ అను ఇంజనీరు, కట్టలు నదిని ఇరుకుచేసి వరదమట్టమును పెంచుననియు, జలాశయములును ప్రక్కదారులును అవసరమనియు వాదించెను. 1861 లో ఆండ్రూ హంఫ్రీస్ ప్రకటించిన బృహన్నివేదిక ఆ వాదమును త్రోసిపుచ్చినది. తరువాతి దశాబ్దులలో ప్రభుత్వము 'కట్టలు మాత్రమే' అను నియమమును పట్టుకొనెను. 1927 వసంతమున నది ఆ నియమమునకు తీర్పు చెప్పినది. అనేక చోట్ల గండ్లు పడి లక్షలాది ప్రజలు నిరాశ్రయులైరి. న్యూ ఆర్లియన్స్ నగరమును కాపాడు నెపమున, దానికి దిగువన కార్నర్వాన్ అను చోట కట్టను డైనమైటుతో పేల్చి సెయింట్ బెర్నార్డ్, ప్లాక్‌మిన్స్ అను ప్రాంతముల పల్లెలను ముంచిరి. ఎగువన అప్పటికే పడిన గండ్లవలన నగరమునకు ఆ త్యాగము అవసరము లేకపోయినదని పిమ్మట తేలినది. ముంచబడినవారికి వాగ్దానము చేసిన పరిహారము మాత్రము మిక్కిలి స్వల్పముగా ముట్టినది. ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు డైనమైటుకన్న ఆ పరిహారపు లెక్కలే ఎక్కువ బాధ కలిగించును. 1928 శాసనముతో అమెరికా తన మార్గమును మార్చుకొనెను. న్యూ ఆర్లియన్స్‌కు ఎగువన బానె కారే అను పొర్లుకట్టు 1931 నాటికి సిద్ధమై, నది పొంగినప్పుడు కొంత ప్రవాహమును పాంచర్‌ట్రేన్ సరస్సులోనికి మళ్లించుచున్నది.

అదే నగరము 2005 లో కత్రినా తుపానునాడు మరల మునిగినది. నూటికి ఎనుబది పాళ్లు నీటిపాలైన ఆ విపత్తులో విశేషమేమనగా, 17వ వీథి కాలువ, లండన్ అవెన్యూ కాలువల గోడలు నీరు శిఖరమును దాటకముందే, పునాదినేల కదలుటచే కూలినవి. ఎంత ఎత్తు కట్టితిమని లెక్కించుటకు ముందు ఏ నేలపై కట్టితిమని అడుగవలెనని దీనివలన తెలియును.

మనదేశమునకు వత్తుము. కోసీనది ఇరుప్రక్కల కట్టలు 1955 నుండి వెలసినవి. 2008 ఆగస్టు 18 న నేపాళములోని కుసహా వద్ద ఆ కట్ట తెగినది. కట్టలు 9.5 లక్షల క్యూసెక్కుల ప్రవాహమునకు రూపొందింపబడినవి. తెగిన నాటి ప్రవాహము అందులో అయిదవవంతుకన్న తక్కువ. నది తన పాత పాయలలోనికి మళ్లగా బీహారులో 30 లక్షలకు పైబడిన ప్రజలు బాధితులైరి. ఆ రాష్ట్రమున 1954 లో 160 కిలోమీటర్లుగా నున్న కట్టలపొడవు తరువాతి అర్ధశతాబ్దిలో 3,400 కిలోమీటర్లు మించినది. వరదముప్పు గల భూమి 25 లక్షల హెక్టార్ల నుండి 68.8 లక్షల హెక్టార్లకు పెరిగినది. ఈ పెరుగుదల సాంతము కట్టలపైన మోపుట న్యాయము కాదు. లెక్కించు విధానములు మారినవి, జనావాసములు విస్తరిల్లినవి. కాని ఇరవైరెట్లు కట్టలు పోసిన పిమ్మట ముప్పు తగ్గలేదను మాట మాత్రము కాదనరానిది. కోసీవలె అధికముగా ఒండ్రు మోయు నది రెండు కట్టల నడుమ బంధింపబడినప్పుడు, పూర్వము పొలములపై పరచెడి ఆ ఒండ్రు అంతయు తన పడకలోనే వదలుచు పోవును. పడక పైకి లేచిన కొలది కట్టను పెంచవలెను. పెంచిన కొలది నది ఊరికన్న ఎత్తున ప్రవహించును. చీనాలోని పసుపునది కైఫెంగ్ నగరసమీపమున ఇట్లే పైకి లేచి, చుట్టుపట్ల నేలకన్న ఉన్నతముగా సాగుచున్నది.

ఇక తెలుగుగడ్డపైని ఉదాహరణములందు 2024 సెప్టెంబరునాటి విజయవాడకన్న బోధప్రదమైనది నాకు కానరాదు. ప్రకాశము బ్యారేజివద్ద ఆ నెల 2 వ తేదీన 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. ఆ కట్టడము చరిత్రలో అంతటి ప్రవాహము అంతకుముందెన్నడును లేదు. 2009 అక్టోబరులో, కర్నూలును తుంగభద్రా హంద్రీనదులు ముంచివేసిన ఆ రోజులలో, కృష్ణ పొంగినప్పుడు కృష్ణలంక ఇండ్లలో నీరు నిలిచినది. ఈ పర్యాయము ఆ పేట నదివైపున దశలవారీగా లేచిన కాంక్రీటుగోడ నిలువరించినది. రాణిగారితోట మొదలైన వాడలలో ఏండ్ల తరబడి వరదవార్త రాగానే మూటలు కట్టుకొన్నవారు తమ గుమ్మములందు నిలుచుండి, గోడకు ఆవల ఉరకలు వేయు నదిని చూడగలిగిరి. గోడలను నిరసించు పర్యావరణవాదులు ఈ దృశ్యమును మరువరాదు. అది పేదలు ఎక్కువగా నున్న పేట. వారికి లభించిన ఆ నిశ్చింత చిన్నది కాదు.

అదే నగరమున, అదే దినములందు, రైలుమార్గమునకు ఆవల అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీలు నడుములోతు, పీకలోతు నీటిలో మునిగిపోయినవి. వానిని ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరము పరిసరముల కొండలలో పుట్టి కొల్లేటికి పోవు ఈ యేరు వేసవిలో చూచువారికి మురుగుకాలువగా తోచును. పెద్దలు మాత్రము దానిని బెజవాడ దుఃఖదాయిని యని పూర్వమునుండియు పిలుచుచున్నారు. వెలగలేరు రెగ్యులేటరు వద్ద దీని వరదను ఆపి, ఒక మళ్లింపు కాలువగుండ కొండపల్లి ప్రక్కగా ప్రకాశము బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుపు ఏర్పాటు కలదు. ఈ ఏర్పాటులోని సూక్ష్మము గమనింపదగినది: బుడమేరు పొంగునాడు కృష్ణ తగ్గియున్నచో కాలువ చక్కగా పనిచేయును, రెండును ఒకేసారి పొంగినచో కృష్ణనీరే కాలువనోట ఎదురు నిలుచును, ఏటినీరు వెనుకకు తన్నును. 2024 లో అదియే సంభవించినది. ఆగస్టు 31 న కుంభవృష్టి కురిసినది. మళ్లింపు కాలువ ఎడమగట్టునకు కవులూరు పరిసరములందు మూడు గండ్లు పడినవి. సైన్యము వచ్చి తోడ్పడిన పిమ్మట సుమారు వారమునకు గాని అవి పూడలేదు. పదునొకండు లక్షల క్యూసెక్కులను ఆపిన నగరము దానిలో అల్పాంశమైన ఏటినీటికి లొంగిపోయినది. కాపలా అంతయు సింహద్వారముకడ నిలిపి పెరటితలుపు గడియ మరచిన గృహస్థుని స్థితి అది.

ఇందువలన నేను గ్రహించినదేమనగా, ఒక పట్టణపు కట్టను విడిగా తూచరాదు. పట్టణమునకు నలుదిక్కుల నుండి వచ్చు నీటినంతయు ఒక్క పద్దులో వ్రాసి, ప్రతి బిందువునకును పోవుదారి చూపినప్పుడే అది రక్షణము. కట్ట నీటిని నశింపజేయదు. తొలగించును, నిలువరించును, పొరుగువానిపైకి త్రోయును. అంతే దాని శక్తి.

ఊరిలోపలి నీటి సంగతి దీనికి అనుబంధము. నది పొంగనంతకాలము పట్టణపు వానినీరు, మురుగునీరు కట్టలోని తూములగుండ నదిలోనికి జారిపోవును. నది మట్టము ఊరి మట్టమును మించగానే తూముల తలుపులు దింపవలెను, లేనిచో నదియే ఆ దారిన ఊరిలోనికి వచ్చును. తలుపులు దింపిన క్షణమునుండి ఊరు ఒక పళ్లెరము వంటిది. పైనుండి వాన పడుచుండును, బయటికి దారి లేదు. అప్పుడు శరణ్యము మోటార్లే. భద్రాచలములో రామాలయ పరిసరములును, కొత్తకాలనీయు, సుభాష్‌నగరును మునుగుచున్నది ఇందువలననే: తూముల లీకేజి కొంత, లోపల నిలిచిన వానినీరు కొంత. నదీగర్భములో ఇరువది లక్షల క్యూసెక్కులను నిలువరించు కట్ట, తుప్పుపట్టిన ఒక తలుపు అంచున నుండి వచ్చు ధారవలన ఓడిపోవుట ఎంతటి విచారకరమైన సంగతి! రాజమహేంద్రవరమునందును గోదావరి నిండుగా నున్నప్పుడు ఊరినీరు నదిలో దిగజాలక ఆవ వైపు పల్లములందు నిలిచిపోవుట అక్కడివారికి పరిచితమే. అయినను మన బడ్జెట్లలో కట్ట ఎత్తు పెంచుటకు కోట్లు వ్రాయుదురు. తూముల మరమ్మతునకును, మోటార్లకు డీజిలునకును కలము కదలదు. శంకుస్థాపన చేయుటకు తూము తలుపు తగిన వస్తువు కాదు కాబోలు.

భద్రాచలమునకు మరియొక చిక్కు కలదు. 2014 విభజనమున పట్టణము తెలంగాణమున నిలువగా, దానిని అంటియున్న ఏటపాక, పురుషోత్తపట్నము మొదలగు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు చెందినవి. నీరు సరిహద్దురాయిని చదువలేదు. కట్టను పొడిగింపవలెనన్న మాత్రము రెండు ప్రభుత్వముల సంతకములు కావలెను. దిగువన పోలవరమున 50 లక్షల క్యూసెక్కులకు రూపొందిన పొర్లుకట్టు లేచినది. దాని వెనుకనీరు వరదవేళ తమయెడ ఎట్లు ప్రవర్తించునో అని ఈ తీరవాసులకు గల ఆందోళన నిరాధారమని త్రోసివేయక, ఉభయరాష్ట్రముల ఇంజనీర్లు కలసి కొలిచి, ఆ కొలతలను ప్రజల ముందు తెలుగులో ఉంచుట కనీసధర్మము.

కట్టకు లోపలివారిని గూర్చి ఇంత చెప్పి, వెలుపలివారిని విడుచుట తగదు. గోదావరి డెల్టాలో గౌతమీ, వసిష్ఠా, వైనతేయ పాయల నడుమ లంకలు కలవు. ఏటిగట్లకును ప్రవాహమునకును మధ్య నుండు ఈ భూములందు కొబ్బరి, అరటి, కూరగాయలు పండును. వేలాది కుటుంబములు నివసించును. ధవళేశ్వరము వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడవది. రెండింటి నడుమ గడియారముతో పందెము వేసినట్లు లంకవాసులు పశువులను గట్టెక్కింతురు. 'గట్టెక్కుట' అను పలుకుబడి మన భాషలో ఆపద దాటుటకు పర్యాయమైనది ఊరక కాదు. 1986 లో ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద గట్లనే అనేకచోట్ల తెంచివేసినది. అప్పుడు గట్టెక్కినవారికి గట్టును దక్కలేదు. ఆ పిమ్మట గట్లను పటిష్ఠము చేయుట ఒప్పదగిన పనియే. కాని గట్టు పెరిగిన ప్రతి అడుగును లంకపై నీటిని ఒకింత హెచ్చించును, కోతను తీవ్రము చేయును. ఏటేట ఒరిగి నదిలో కలియు కొబ్బరిచెట్లను చూచిన రైతునకు, అవతల సురక్షితముగా నున్న పట్టణపు పన్నులలో నుండి ఏదేని వాటా రావలెనని అడుగు హక్కు కలదని నా అభిప్రాయము. కార్నర్వాన్ ప్రజలకు జరిగిన అన్యాయము డైనమైటు లేకయే ఇక్కడ మెల్లగా జరుగుచున్నది.

వేరొక మార్గము లేదా? నదికి చోటు విడుచుట అను మార్గమును డచ్చివారు శ్రద్ధతో అనుసరించిరి. శతాబ్దులుగా కట్టలపై బ్రదుకు నిలుపుకొన్న ఆ జాతి, 1995 వరదలో రెండున్నర లక్షలమందిని తరలింపవలసి వచ్చిన పిమ్మట, ఇక కట్టలను పెంచుచు పోవుట చాలదని నిశ్చయించెను. నైమేఖన్ పట్టణమున వాల్ నది ఉత్తరతీరపు కట్టను 350 మీటర్లు వెనుకకు జరిపి, విడిచిన చోట మరియొక పాయను త్రవ్విరి. కొన్ని పదుల ఇండ్లు తొలగవలసి వచ్చినను, ఇంటివారితో ఏండ్లతరబడి మాటలాడిరి. దీనిని చూచి మనము కృష్ణలంకను వెనుకకు జరుపవలెననుట బాధ్యత లేని మాట యగును. అచటి జనసాంద్రత వేరు, ఇచటిది వేరు. కాని ఇంకను ఊరు కాని పొలములందు, బుడమేటి ఎగువన, పట్టణముల కొత్తఅంచులందు, కట్టను ఏటికి దూరముగా నిలిపి నడుమ భూమిని పైరునకు మాత్రమే విడుచుట నేటికిని సాధ్యము. రేపటికి కాదు.

ఏలయన కట్ట కట్టగానే దాని చాటున ఇండ్లు లేచును. భూగోళశాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ 1945 లోనే ఈ సంగతి నొక్కిచెప్పెను: చిన్నవరదలను ఆపిన కట్ట ధైర్యము నిచ్చి జనమును పల్లమునకు పిలుచును, పెద్దవరద వచ్చిననాడు నష్టము ఇబ్బడి యగును. 'నూరేండ్లకొకమారు వచ్చు వరదకు కట్టితిమి' అని ప్రకటించినప్పుడు సామాన్యుడు తన జీవితకాలమునకు భయము లేదని భ్రమించును. ఆ మాటకు అర్థము ప్రతి యేటను నూటికి ఒక పాలు అవకాశమని. ముప్పది యేండ్లు అప్పు కట్టుచు ఆ యింట నుండువానికి, ఆ కాలములో ఒక్కసారియైన కట్ట ప్రమాణమును మించిన వరద చూచు అవకాశము నూటికి ఇరువదియారు పాళ్లు. ఈ లెక్క ఇంటిస్థలము అమ్మువాని కాగితముపై ఎక్కడను కనబడదు.

బుడమేటిని వెడల్పు చేయుదుమనియు, ఆక్రమణలు తొలగింతుమనియు 2024 పిమ్మట ప్రకటనలు వెలువడినవి. వెడల్పు చేయవలసినదే, వేరు దారి లేదు. అయితే ఆ యేటి ఒడ్డున నున్నవారిని ఆక్రమణదారులను ఒకేమాటతో త్రోసివేయువారిని నేను ఒకటి అడుగుదును. వారిలో అనేకులకు రిజిస్ట్రేషను దస్తావేజులు కలవు, ఇంటిపన్ను రశీదులు కలవు, విద్యుత్తు మీటర్లు కలవు; ఏటిగర్భమును ఇంటిస్థలముగా అంగీకరించి ముద్ర వేసినది ప్రభుత్వమే కదా. ఏటికి దాని చోటు తిరిగి ఈయవలసిన నాడు, ఆ ముద్రవేసిన చేయియే ముందుగా మిట్టపై ఇండ్లు కట్టి, తాళములు వారి చేతికిచ్చి, ఆ పిమ్మట పలుగు ఎత్తవలెను. అదియును వచ్చు ఆషాఢమునకు ముందుగానే.